చిప్పు మీద కుంకుమ బొట్టు

మా కాలంలో అప్‌డేట్ అగ్గిపెట్టెలో పట్టేది. దాన్ని చొక్కా జేబులో పెట్టుకొని, మీద చెయ్యి వేసుకొని, ఆదోనిలో బస్సెక్కేవాణ్ణి. పక్కవాడు ఒరిగితే కసురుకునేవాణ్ణి. వాడు బీడీ వెలిగించుకోవడానికి ఆ అగ్గిపెట్టే ఇమ్మంటే ఇంకా గట్టిగా కసిరేవాణ్ణి.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మొన్న ఒక ఇంజనీరు నాతో, "మీ రోజుల్లో మెషిన్లు ఉంటే ఉండొచ్చు గానీ ఈ సెక్యూరిటీ, అప్‌డేట్లు ఇవన్నీ ఎక్కడివి సార్" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది. అతని యంత్రం తనకు కావలసింది గాల్లోంచి తెచ్చుకుంటుంది. మా యంత్రానికి కావలసింది మనిషి మోసుకుపోవాలి. ఆ మనిషి తప్పు చేస్తే ఏమవుతుందో చెబుతాను, వినండి.

నేను ఎనిమిదో తరగతి తప్పినవాణ్ణి. డెబ్బైలలో ఆదోనిలో ఒక రేడియో దుకాణంలో కూర్చొని బాగుచేయడం నేర్చుకున్నాను. వాల్వుల పుస్తకం ఇంగ్లీషులో ఉండేది. రేడియో బాగు చేయించుకోవడానికి వచ్చిన పంతుళ్లను ఒక్కొక్క మాటకూ అర్థం అడిగి నేర్చుకున్నాను. అందుకే నా ఇంగ్లీషులో వోల్టేజీ ఉంటుంది, గ్రామరు ఉండదు. ఎనభైలలో హైదరాబాదు కంపెనీ ఒకటి పత్తి మిల్లులకు ఎలక్ట్రానిక్ కాటాలు అమ్మడం మొదలుపెట్టింది. మా వైపు వాటిని చూసుకునే మనిషి కావాలన్నారు. పోయాను. "డిగ్రీ?" అన్నాడు ఆఫీసరు. "రేడియో" అన్నాను. ఆయన నవ్వలేదు గానీ ఉద్యోగం ఇచ్చాడు. డిగ్రీ ఉన్నవాడెవడూ ఆదోనికి రానన్నాడని తర్వాత తెలిసింది.

నా చేతి కింద నాలుగు కాటాలు. ఆదోనిలో రెండు, మద్దికెరలో ఒకటి, ఎమ్మిగనూరులో ఒకటి. నేలలో ఇనుప పలక ఉంటుంది. బండి దాని మీదికి ఎక్కుతుంది. పక్కన షెడ్డులో బల్ల మీద ఇనుప పెట్టె, దాని ముఖాన ఎర్రగా వెలిగే అంకెలు. పెట్టె లోపల ఉన్నది చిన్న కంప్యూటరే. కరెంటు తీగ తప్ప దానికి బయటి ప్రపంచంతో ఏ సంబంధమూ లేదు. దానికి తెలిసిన లెక్కంతా ఒక చిప్పులో ఉంటుంది. అది బొటనవేలంత బూడిదరంగు పింగాణీ బిళ్ల. కింద రెండు వరుసల కాళ్లు, పైన నడుమ చిన్న గాజు కిటికీ. ఆ గాజులోంచి ఒక రకం దీపం కాంతి వేస్తే లోపలి లెక్క చెరిగిపోతుంది, కొత్తది రాసుకోవచ్చు. ఎండకూ ఆ గుణం ఉంది, కాకపోతే రోజులు పడుతుంది. అందుకని ఆ కిటికీ మీద వెండిరంగు అంటుకాగితం వేసి పంపేవాళ్లు.

లెక్క మారాలంటే చిప్పు మారాలి. హైదరాబాదునుంచి పార్సిలు వస్తుంది. నేను అగ్గిపెట్టెలో సిగరెట్టు పెట్టెల వెండికాగితం పరిచి, అందులో చిప్పు పెట్టి, ఊరూరికీ తీసుకుపోయి మార్చి రావాలి. మార్చాక పెట్టె మూతకున్న రెండు రంధ్రాల్లో తీగ దూర్చి, సీసపు బిళ్ల వేసి, కంపెనీ గుర్తున్న పట్టకారుతో నొక్కాలి. ఆ సీలు నేను తప్ప ఎవరూ తెంపకూడదు. అదే మా సెక్యూరిటీ.

ఎమ్మిగనూరు కాటా దగ్గర ఉండే పెద్దాయన పుట్టుకతో నేతగాడు. మగ్గం కొడుక్కు అప్పగించి, ఇరవై ఏళ్లు మిల్లులో ముల్లు కాటా తూచాడు. ఎలక్ట్రానిక్ కాటా వచ్చినప్పుడు ఆయన గొణుగుతాడేమో అనుకున్నాను. ఆయన అంకెలు కాసేపు చూసి, "ముల్లు మాదిరి ఇది వణకదు కదప్పా. మంచిదే" అన్నాడు. తూకం మొదలుపెడితే మాత్రం పాత అలవాటే. మొదటిదాన్ని ఒకటి అనడు, "లాభం" అంటాడు. తర్వాతే రెండు, మూడు.

పత్తి సీజనులో మిల్లంతా నుసి. గాలిలో నుసి, చాయలో నుసి, మీసాల మీద నుసి. పెట్టెకున్న గాలి సందుల్లో అది మెత్త పరిచినట్టు పేరుకునేది. లోపల వేడెక్కి యంత్రం నిలబడిపోయేది. కబురందుకొని నేను ఆదోనినుంచి చేరేసరికి సగం రోజు పోయేది.

ఒకసారి పెద్దాయన అన్నాడు: "అప్పా, నువ్వు ఆడ ఆదోనిలో ఉంటావు. ఇది ఈడ ఊపిరాడక సస్తాంది. బండ్లు రోడ్డుదాకా నిలబడినాయి. నువ్వొచ్చేదాకా ఆ రైతులకు నేనేం సెప్పేది?"

ఆయన మాట న్యాయంగా తోచింది. సీసపు బిళ్లను గట్టిగా నొక్కకుండా వదిలాను. తీగ మెల్లగా లాగితే వచ్చేస్తుంది, మళ్లీ దూరిస్తే సీలు వేసినట్టే ఉంటుంది. ఎలా తియ్యాలో, నుసి ఎలా ఊదాలో చూపించాను. "చిప్పుల జోలికి పోవద్దన్నా" అన్నాను.

"పోగు తెగకుండా నేసిన సెయ్యిది. నాకు సెప్పాల్నా?" అన్నాడు.

ఇది నా మొదటి తప్పు. రెండోది కూడా చెప్పేస్తాను.

ఆ ఏడు దసరాకు ముందు కొత్త లెక్క వచ్చింది. అంతవరకు కాటా కిలోలే చూపేది. ఇకమీదట అర కిలో కూడా చూపాలన్నారు. నాలుగు చిప్పులు పంపారు, అంటుకాగితాలు మూడే పంపారు. నాలుగుకు నాలుగు పంపాలని అంత చదువుకున్నవాళ్లకు తట్టలేదు. ఉత్తరం రాశాను, జవాబు లేదు. చివరికి మిగిలింది ఎమ్మిగనూరు. తపాలా కచేరీకి పోయి, స్టాంపుల షీటుకు అంచున ఉండే జిగురు కాగితం ఒక ముక్క అడిగి తెచ్చుకున్నాను. తడిపి గాజు మీద అంటించి, దాని మీద పెన్నుతో ఊరి పేరు రాశాను. పాత చిప్పు నా సంచిలో వేసుకున్నాను. "కాగితమైతేనేం, వెలుతురు పోకుంటే చాలు" అనుకున్నాను. తడిపితే అంటుకునేది తడిస్తే ఊడుతుందని ఆ రోజు తట్టలేదు. ఎదుటివాళ్లకు తట్టని సంగతులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నవాణ్ణి కదా.

దసరా పోయింది. సీజను ముమ్మరమైంది. ఒకరోజు ఎమ్మిగనూరు మిల్లు సావుకారునుంచి కార్డు వచ్చింది. "మీ కాటా, మా కాటా మనిషి, ఇద్దరిలో ఒకరు దొంగ. వెంటనే రావాలి" అని ఉంది.

మంగళవారం పోయాను. మిల్లు గేటు దగ్గర ఒకామె బండి ఆపుకొని నిలబడి ఉంది. రైతు, నడివయసు మనిషి. కన్నడ సరిహద్దున ఉన్న కౌతాళం పక్కనుంచి ఎమ్మిగనూరు దగ్గరి పల్లెకు కాపురానికి వచ్చింది. కోపమొస్తే ఆమె నోట కన్నడం దొర్లేది. ఇంటి దగ్గర బస్తా బస్తా ముల్లు కాటాతో తూచుకొని వచ్చింది. ఇక్కడ బండి మొత్తం ఎక్కిస్తే ముప్పై కిలోలకు తక్కువ కాకుండా తరుగు చూపింది. అలా అన్న రైతు ఆమె ఒక్కతే కాదు.

సావుకారు మెత్తగా, "అమ్మా, నువ్వు ఇంటికాడ తప్పు తూసినావేమో..." అని మొదలుపెట్టాడు.

"సుమ్నిరు సావుకారూ!" అని ఆమె ఆయన నోరు మూయించింది. "నా సేను నేను దున్నినా, నా పత్తి నేను ఏరినా, తూసుకోను రాదా నాకు? ఖాళీ బండి సరిగ్గానే తూగుతాంది. మా తమ్ముని సిన్న బండి సరిగ్గానే తూగింది. నిండు బండి మీదనే తింటాండాది మీ దయ్యం."

నేను ఆ మాట సరిగా వినలేదు. నా దగ్గరున్న ఇరవై కిలోల గుండ్లు ఐదు పలక మీద పెట్టాను. నూరు కిలోలు. అంకెల్లో నూరే పడింది. తీసి మళ్లీ పెట్టాను, మళ్లీ నూరే.

"సూసినావా? కాటా సరిగ్గానే ఉండాది" అన్నాడు సావుకారు. హైదరాబాదుకు ట్రంకు కాల్ పెట్టించాడు. రెండు గంటలకు లైను దొరికింది. అవతల ఇంజనీరు, గుండ్లు సరిపోయాయా అని ఒక్కటే అడిగాడు. సరిపోయాయన్నాను. "అయితే మెషిన్ ఓకే. మీ ఆపరేటర్‌ని చూసుకోండి. అక్కడి మనుషులు అంతే" అని పెట్టేశాడు. అక్కడి మనుషులట! ఇన్నేళ్లయినా ఆ మాట నాకు అరగలేదు.

చీటీల మీద అంకెలు రాసేది పెద్దాయన. కాటా మంచిదైతే దొంగ ఆయనే కావాలి. రైతులంతా మిల్లే మోసం చేస్తోందని అరుస్తుంటే, మిల్లు పేరు నిలబెట్టుకోవడానికి సావుకారుకు ఒక మనిషి కావాల్సి వచ్చాడు. గురువారం పొద్దున మార్కెట్టు పెద్దలిద్దరు వస్తారనీ, వాళ్ల ముందు పెద్దాయన్ను తీసేసి పోలీసులకు అప్పగిస్తాననీ చెప్పాడు. పైగా సీలు తీగ వదులుగా ఉన్నట్టు ఎవరో చూశారు. పెట్టె తీశానని పెద్దాయన ఒప్పుకున్నాడు కూడా.

పెట్టె నేను ఆ రోజే తెరవాల్సింది, తెరవలేదు. తెరిస్తే, సీలు అలా వదిలిందెవరని అడుగుతారు. గుండ్లు సరిపోయాయన్న మాట పట్టుకొని బయటికి వచ్చేశాను.

చాయ అంగట్లో పెద్దాయన్ను అడిగాను. "మూత తియ్యడం నేను నేర్పినానని సెప్పినావా అన్నా?"

"సెప్పలా."

"ఎందుకు?"

ఆయన గ్లాసులో పడిన నుసి వేలితో తీసి పారేశాడు. "నాకైతే ఇంట్లో మగ్గముండాది. కొడుకు పక్కన కూసోని నేస్తా. నీ కొలువు పోతే నువ్వేం సేస్తావప్పా? మళ్ల రేడియోలేనా?"

సిగ్గుపడాల్సింది పోయి నాకు ప్రాణం కుదుటపడింది. అబద్ధం రాయను. కానీ ఆయన చాయ తాగకుండానే గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. మగ్గముంది సరే, దొంగ అనిపించుకొని ఏ వీధిలో నడుస్తాడు?

ఆదోని బస్సులో కూర్చున్నాక రైతు మాట మళ్లీ చెవిలో పడింది. నిండు బండి మీదనే. నేను పెట్టింది నూరు కిలోలు. నిండు బండి అంతకు పదింతలు. నూరు దగ్గర నిజం చెప్పిన యంత్రం వెయ్యి దగ్గర కూడా నిజమే చెబుతుందని ఎవడన్నాడు? ఇంజనీరు అన్నాడు, నేను తలూపాను.

గురువారం మొదటి బస్సుకే పోయాను. మార్కెట్టు పెద్దలు కుర్చీల్లో కూర్చున్నారు. రైతులు గుంపుగా నిలబడ్డారు, ముందు వరుసలో ఆమె. పెద్దాయన ఉతికిన పంచె కట్టుకొని, గోడవారగా నిలబడి ఉన్నాడు. పెళ్లికో చావుకో కట్టుకునే పంచె అది.

"ఒక గంట ఇయ్యండి" అన్నాను. "పాత ముల్లు కాటా బయటికి తీయించండి. పత్తి గింజల బస్తాలు ఇరవై కావాల."

సావుకారు ముఖం చిట్లించాడు. రైతు, "ఇయ్యండప్పా, మేము నెలనుంచి నిలబడలా? మీరు గంట కూసోలేరా?" అంది. పెద్దలు నవ్వి సరేనన్నారు.

ముల్లు కాటా మీద ఒక్కో బస్తాను సరిగ్గా అరవై కిలోలకు సరిచేయించాను. తూచమని పెద్దాయన్నే పిలిచాను. "దొంగతో తూపిస్తావా?" అని గుంపులో ఎవరో వెక్కిరించారు. "అందరి కండ్లూ ముల్లు మీదే ఉండాయి కదా, దొంగతనం యాడ సేస్తాడు?" అన్నాను.

హమాలీలు బస్తాలు ఇనుప పలక మీదికి చేర్చడం మొదలుపెట్టారు. పెద్దాయన లెక్క పిలిచాడు. "లాభం!" అంకెల్లో అరవై. "రెండు!" నూట ఇరవై. బస్తా పడగానే నేను అంకె చదువుతున్నాను. పది దాకా సరిపోయింది. సావుకారు గడియారం చూసుకున్నాడు. పన్నెండు. పదమూడు. ఏడు వందల ఎనభై, సరిగ్గా ఉంది.

"పద్నాలుగు!"

ఎనిమిది వందల నలభై రావాలి. ఎర్ర అంకెలు ఒకసారి కొట్టుకొని, ఎనిమిది వందల పదకొండున్నర దగ్గర నిలబడ్డాయి.

పదిహేనో బస్తా వేయించాను. తరుగు ఇంకా పెరిగింది. అప్పుడు ఆమె గొంతు మిల్లంతా వినిపించింది. "నేనేం సెప్పినా? నిండుగ పెడితేనే తింటాండాది అని సెప్పలా?"

పెట్టె మూత తీశాను. లోపల చిప్పు మీద నా కాగితం లేదు. దాని స్థానంలో కుంకుమ బొట్టు ఉంది. పసుపు నీళ్లలో తడిపి పెట్టింది. సగం అంటుకొని ఉంది, సగం రాలిపోయి గాజు మెరుస్తోంది.

"అన్నా, ఏందిది?"

"ఆయుధ పూజకు పెట్టినా" అన్నాడు పెద్దాయన. "మీద పెట్టెకు అందరూ పెట్టినారు. లోపల నుసి తుడుస్తాంటే ఇది కన్ను మాదిరి కనపడింది. పనిసేసేది ఇదే కదా అని పెట్టినా."

"దీని మీద కాగితం ఉండాల."

ఆయన పంచె మొలలోంచి చిన్న పొట్లం తీశాడు. తపాలా కాగితపు ముక్క, మీద నా చేతి రాత. "తడి గుడ్డకు ఊడొచ్చింది. నీ రాత ఉండాదని పారెయ్యలా. సూపిస్తే నీ మీదికి వస్తాదని సూపియ్యలా."

బల్ల తూర్పు కిటికీ పక్కన ఉంది. యంత్రం వేడెక్కకుండా పెద్దాయన పొద్దున సావుకారు వచ్చేదాకా మూత తీసి పెట్టేవాడు. ఏటవాలు ఎండ తిన్నగా ఆ గాజు మీదే పడింది, రోజూ, కొన్ని వారాలపాటు. కుంకుమ కిందున్న సగం బతికింది. బొట్టు రాలిన సగాన్ని ఎండ తినేసింది. బరువైన బండ్ల లెక్క ఆ సగంలో ఉంది.

నేను సంచిలోంచి పాత చిప్పు తీశాను. దానికి కంపెనీ అంటుకాగితం ఉంది. మార్చాను. పదిహేను బస్తాలు, తొమ్మిది వందలు. అర కిలో చూపదు గానీ అబద్ధం చెప్పదు.

సావుకారు పెద్దాయన వైపు తిరిగి, "నిన్నెవరు పెట్టె తెరవమన్నారు?" అన్నాడు. పెద్దాయన అప్పుడు కూడా నా పేరు చెప్పలేదు!

"నేను తెరవమన్నా" అన్నాను. "సీలు వదులుగా వేసింది నేనే. ఈ కాగితం అంటించింది నేనే. ఈయన సేసిందల్లా దండం పెట్టుకోవడం."

మార్కెట్టు పెద్దల్లో ఒకాయన లేచి వచ్చి అంకెలు చూశాడు, బొట్టు చూశాడు, నన్ను చూశాడు. "మంగళవారమే ఈ పెట్టె తెరిసి ఉంటే?" అన్నాడు.

సావుకారు అందరి ముందూ పెద్దాయన చెయ్యి పట్టుకున్నాడు. తప్పయిందన్న మాట ఆయన నోట సగమే వచ్చింది, మిగతా సగం రైతు ఆయన చేత అనిపించింది. తరుగు పడిన వాళ్లందరినీ పిలిపించి సరిచేశారు. నేను ఆ మధ్యాహ్నమే జరిగిందంతా నా వోల్టేజీ ఇంగ్లీషులో రాసి హైదరాబాదుకు పంపాను. వారం లోపల జవాబు వచ్చింది. నా పట్టకారు వెనక్కి పంపమన్నారు, అంటే కొలువు పోయినట్టే. ఉత్తరాలకు జవాబు రాయడం వాళ్లకు వచ్చునని ఆ రోజు తెలిసింది.

నా బదులు ఇంజనీరే వచ్చాడు, ట్రంకు కాల్‌లో మాట్లాడినాయనే. కొత్త చిప్పు వేసి, సీలు గట్టిగా నొక్కి, చేతులు దులుపుకున్నాడు. రెండో రోజుకు సందుల్లో నుసి పేరుకొని యంత్రం నిలబడింది. బండ్ల వరుస రోడ్డుదాకా పోయింది. రైతులు చుట్టూ మూగారు. ఆయన తన సీలు తానే తెంపి, మూత తీసి, పంకా పెట్టించాడు. పెద్దాయన మెల్లగా, "సార్, ఎండ తగలకుండా సూసుకోండి" అన్నాడట. ఈ సంగతి నాకు ఆ ఇంజనీరే చెప్పాడు, ఆదోనిలో మా ఇంటికి వచ్చి, పట్టకారు నా చేతిలో పెడుతూ. ఆయన మీద నాకున్న కోపం సగం అక్కడే పోయింది. మిగతా సగం ఉంచుకున్నాను.

"ఏం చేద్దాం?" అని అడిగాడు. ఒక డిగ్రీవాడు నన్ను అలా అడగడం అదే మొదలు. నేను మూడు చెప్పాను. గాలి సందులకు నుసి ఆగేలా పల్చని గుడ్డ తెర వేద్దాం, మూత తీసే పని ఉండదు. ప్రతి సోమవారం పదిహేను బస్తాలు పెట్టి చూద్దాం, నూరు కిలోలతో తృప్తిపడొద్దు. మూడోది ముఖ్యం. స్విచ్చి వేయగానే యంత్రం తన లోపలి లెక్కంతా తానే కూడుకొని, వచ్చిన మొత్తంలో చివరి నాలుగు అంకెలు చూపాలి. ఏ మూల చెదిరినా ఆ అంకెలు మారతాయి. ఆ నంబరు నా సంచిలోనో కంపెనీ బీరువాలోనో కాదు, అందరికీ కనిపించేలా గోడ మీద రాయాలి. కొత్త చిప్పు తెచ్చినప్పుడు గోడ మీది నంబరు రైతుల ముందే మార్చాలి.

"గోడ మీదనా? అందరికీ తెలిస్తే సెక్యూరిటీ ఏముంటుంది?" అన్నాడు.

"నాకొక్కడికే తెలిసిన సీలు ఏమైందో సూసినారు కదా" అన్నాను.

ఒప్పుకున్నాడు. కొన్ని నెలలకు నాలుగు కాటాలకూ కొత్త చిప్పులు వచ్చాయి, ఒక్కోదానికి రెండేసి అంటుకాగితాలతో. వెంట ఒక సర్క్యులరు. "మా నిపుణులు రూపొందించిన నూతన విధానం" అని ఉంది. నా పేరు ఎక్కడా లేదు. పెద్దాయన పేరు అసలే లేదు.

మళ్లీ ఆయుధ పూజ వచ్చింది. ఆ ఏడు నేను పనిగట్టుకొని ఎమ్మిగనూరు పోయాను. మిల్లు కడిగి, తోరణాలు కట్టారు. కాటా షెడ్డు గోడకు సున్నం వేసి, నీలిమందుతో నాలుగు అంకెలు చేటంత పెద్దగా రాశారు. పెద్దాయన పళ్లెంలో కుంకుమ పట్టుకొని, పెట్టె ముందు నిలబడి నన్ను చూశాడు.

"ఈసారి బొట్టు యాడ పెట్టమంటావప్పా?"

గోడ వైపు చూపించాను. ఆయన పోయి నాలుగు అంకెలకూ నాలుగు బొట్లు పెట్టాడు. సున్నం మీద కుంకుమ దిట్టంగా పట్టింది. తర్వాత కాటా స్విచ్చి వేశాడు.

మొదటి బండి ఆమెదే. చదువు రాదు. వచ్చి పలక పక్కన నిలబడి, పెట్టె మీది అంకెలను, గోడ మీది అంకెలను ఒక్కొక్కటిగా వేలు పెట్టి పోల్చింది. ఎవరూ తొందరపెట్టలేదు. సావుకారు కూడా కుర్చీలోంచి లేచి నిలబడి ఉన్నాడు. నాలుగోదాని దగ్గర వేలు ఆపి, ఆమె ఎద్దుల వైపు తిరిగింది.

"కుదిరిందప్పా. ఎక్కించండి బండి."

"లాభం!" అన్నాడు పెద్దాయన.